జనానా కిష్తీ

మా మామయ్య గుర్రం చచ్చిపోయిన వానాకాలంలోనే మా ఇంటికి పడవ వచ్చింది. చైనాతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు అది. నేను చేగుంట నుంచి కోడలిగా మెదక్ వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. కొత్త కోడలు కాలు పెట్టిన వేళ అని గుర్రం చావును నా నెత్తిన వెయ్యాలని మొహల్లాలో కొందరు చూశారు. మా అత్త షాజహాన్ బీ వాళ్ల నోరు మూయించింది. "గుర్రానికి ముసలితనమొచ్చింది, సచ్చింది. మీకు రాదా ముసలితనం?" అని అడిగిందట. ఆమె మాట్లాడటమే తక్కువ. మాట్లాడితే మాత్రం ఇలాగే ఉండేది.

మామయ్య బద్రుద్దీన్‌ది టాంగా. మెదక్‌లో జనానా సవారీ అంటే ఆయన టాంగాయే. పెళ్లికైనా, పురిటికైనా, దవాఖానాకైనా గోషా ఇళ్ల ఆడవాళ్లు బద్రుద్దీన్ బండి వస్తేనే గడప దాటేవాళ్లు. వెనక సీటు చుట్టూ మందపాటి ఎర్ర తెర, అది ఎగరకుండా తోలు పట్టీలు, ఇత్తడి కొక్కేలు. కొక్కేలన్నీ బయటివైపే. ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నాక ఆయనే చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ బిగించి, ఇక వెనక్కి చూడకుండా తోలేవాడు. "నా బండ్ల ఎక్కిన ఆడమనిషి కాలిగోరు గూడ బజార్ల ఎవ్వడు సూడలే" అని చెప్పుకునేవాడు. అది నిజమే. ఆ గొప్ప తప్ప ఆ మనిషికి ఇంకో ఆస్తి లేదు.

గుర్రం పోయేనాటికే టాంగాల పని అయిపోవచ్చింది. రిక్షాలు వచ్చాయి, బస్సులు వచ్చాయి. విడ్డూరమేమిటంటే మా ఆయన అహ్మద్ చేగుంట బస్సులో కండక్టర్. "నా సవారీలకు నా కొడుకే టికెట్ కొడుతుండు" అని మామయ్య నలుగురిలో నవ్వుతూ అనేవాడు. వినే నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఇంకో గుర్రం కొంటాడనుకున్నాం. ఆయన ఘనపురం ఆనకట్ట దగ్గర పాత సామాను వేలం వేస్తున్నారని విని పోయి, ఎడ్లబండి మీద ఒక పడవను బోర్లా వేసుకుని వచ్చాడు. వెనక పిల్లల ఊరేగింపు. వాకిట్లో దించాక మా అత్త బయటికి వచ్చి చూసింది.

"ఇదేంది, అహ్మద్ బాబా?" మొగుడి పేరు ఎత్తకూడదు కనుక ఆమె ఆయన్ని ఎప్పుడూ కొడుకు పేరు మీదనే పిలిచేది.

"కిష్తీ. పిట్లం చెరువుల తిప్పుత. ఐతారం వస్తే చర్చికి ఎంతమంది వస్తరు? కిలా సూడనీకి ఎంతమంది వస్తరు? సూసినంక ఏం చేస్తరు? కిష్తీల కూసుంటరు. షికారు జేస్తరు, గాలమేస్తరు. కిరాయి ఇస్తరు."

అనుమతి కూడా అప్పటికే తెచ్చుకున్నాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మొహల్లా అంతా నవ్వింది. ఆయన పట్టించుకోకుండా సందులకు తారు పూసి, కుళ్లిన చెక్కలు మార్చాడు. తర్వాత టాంగాను విప్పి, దాని మీదున్నవన్నీ పడవకు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఎర్ర రెక్సిన్ మెత్తలు, ఎత్తైన పైకప్పు, దాని అంచుకు జాలరు, చివరికి ఆ తెర కూడా, పట్టీలతో, కొక్కేలతో సహా.

"నీళ్ల మీద తిరిగేదానికి గింత ఎత్తు టోపీ ఎందుకు?" అంది మా అత్త.

"ఎండ తగలకుంట."

"గాలి తగుల్తది గదా."

"నీకేం ఎర్క నీళ్ల సంగతి?"

ఎరుకే. మా అత్త తండ్రి ఆ ఘనపురం ఆనకట్ట మీదనే లష్కర్, అంటే కాలువ తూములు ఎత్తి దించే పని. పెళ్లయ్యేదాకా ఆమె మంజీర ఒడ్డున పెరిగింది, గుండ్రటి పుట్టి పడవ నడిపింది, ఈత కొట్టింది. పెళ్లయ్యాక ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ రోజు కూడా చెప్పకుండానే లోపలికి పోయి రొట్టెలు చేసుకుంది.

*

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. వినాయక చవితికే చెరువు నిండి మత్తడి దుంకింది, అలుగు మీదుగా నీళ్లు పొర్లాయి. మొదటి ఆదివారం నుంచే కిష్తీకి గిరాకీ దొరికింది. చర్చి అయ్యాక తెల్లబట్టల్లో కుటుంబాలు కట్ట మీదికి నడిచి వచ్చేవి. మిషన్ బడి పంతులు కృపాదానం గాలం పట్టుకుని పొద్దు వాలేదాకా పడవ దిగేవాడు కాదు. ఒక్క చేపనూ పట్టిన పాపాన పోలేదు గానీ, దేవుడి శిష్యులంతా చేపలు పట్టేవాళ్లేనని మా మామయ్యకు ప్రతివారం చెప్పేవాడు. మామయ్య గుర్రాన్ని అదిలించినట్టు పడవను "హై, హై" అని అదిలిస్తూ తెడ్లు వేసేవాడు. పడవ వినేది కాదు. అయినా ఎలాగోలా పోయి వచ్చేది.

ఇంతలో గులాం మొహియుద్దీన్ సేఠ్ ఇంటి నుంచి కబురు వచ్చింది. ఆయనకు బట్టల దుకాణం. మసీదు కమిటీలో ఆయన మాటే మాట. కబురు పంపింది ఆయన భార్య జైనాబ్ బేగం: "మొగోళ్లేనా తిరిగేది, మా వంతు ఎప్పుడు?" మామయ్య పొంగిపోయాడు. తెర కట్టిందే అందుకు కదా. జుమేరాత్, అంటే గురువారం, మధ్యాహ్నం జనానా అని చాటించాడు.

టాంగా తోలేవాడి వీపు సవారీల వైపు ఉంటుంది. పడవలో తెడ్డు వేసేవాడి మొహమే సవారీల వైపు ఉంటుంది. అన్నాళ్లు మగవాళ్లను తిప్పుతూ కూడా ఈ ముక్క ఆయనకు తట్టలేదు. ఆ రోజు జైనాబ్ బేగం, ఆమె కోడళ్లు ఎక్కి, తెర బిగించాక తట్టింది. ఏం చెయ్యాలో తోచక తెర బయట, వాళ్లకు వీపు పెట్టి కూర్చుని, తెడ్లు ముందుకు తోశాడు. పడవ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగింది. ఇంకా గట్టిగా తోశాడు. ఇంకా జోరుగా తిరిగింది. కట్ట మీద వల ఆరేసుకుంటున్న బెస్త ఎల్లం ఉండబట్టలేకపోయాడు.

"బద్రుద్దీన్ సాబ్, గానుగ తిప్పుతున్నవా? నూనె ఎంత దిగింది?"

లోపలి నుంచి మొదట నవ్వులు, తర్వాత "అల్లా, కడుపుల తిప్పుతున్నది, దించుండ్రి" అని కేకలు. ఎట్లాగో ఒడ్డు చేరింది. మామయ్య మొహం ఎర్రబడింది. కట్ట కింద నా పక్కన బురఖాలో నిలబడి చూస్తున్న మా అత్త నీళ్లలోకి దిగింది.

"లే," అంది. "నేను నడుపుత."

"నువ్వా?"

"తెర లోపల కూసోని నడుపుత. ఎవడు సూస్తడు?"

ఆయన ఆమెను ఎన్నడూ చూడనట్టు చూశాడు. ఆమె అప్పటికే ఎక్కి, తెడ్ల కర్రలు తెర కిందుగా లోపలికి లాక్కుంది. "అఖ్తర్, ముందట కూసో. తెర సందులకెల్లి సూసి తోవ చెప్పు" అని నన్ను పిలిచింది. అలా నేను ఆమెకు కళ్లయ్యాను. "జర కుడికి అమ్మీ... ఇంక సీదా... ముందట తామరాకులున్నయ్, ఎడమకు కొట్టుండ్రి" అని చెబుతుంటే పడవ గీత గీసినట్టు పోయింది. వెనక ఎల్లం నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాతి జుమేరాత్‌లను తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒంట్లో హాయిగా ఉంటుంది. ఒడ్డు దాటగానే బురఖాలన్నీ ఒక మూల కుప్పపడేవి. సీతాఫలాలు, ఉడికించిన పల్లికాయలు, ఒకరి జడలు ఒకరు విప్పి అల్లడాలు, పెళ్లిపాటలు. తెర కింది అంచు ఎత్తి నీళ్లలో చేతులు పెట్టుకునేవాళ్లు. తర్వాత గాలాల మీదికి మనసు పోయింది. ఎర్రలను, అంటే వానపాములను, ముట్టుకోవడానికి అసహ్యం గనుక గోధుమపిండి ముద్దలు గుచ్చేవాళ్లు. ఒకనాడు జైనాబ్ బేగం గాలానికి అరచేయంత బొచ్చె చేప పడింది. ఆమె వేసిన కేకకు ఒడ్డున కొంగలు లేచిపోయాయి. "నేను పట్టిన! నేనే పట్టిన!" అని ఆ పెద్దింటి మనిషి కన్నీళ్లు పెట్టుకుంది. తీరా ఇంటికి పోయాక బజారులో కొన్నానని చెప్పిందట. నిజం చెప్తే సేఠ్ తినడని భయం.

మా అత్త పాటలు పాడేది కాదు, చేపలు పట్టేది కాదు. తెడ్డు వేసేది. ఇంట్లో నడుము పట్టుకుని, మూలుగుతూ లేచే మనిషికి నీళ్ల మీద ఏ నొప్పీ ఉండేది కాదు. అందరూ దిగాక నాకు తెడ్డు ఇచ్చి నేర్పేది. నేను చేతకాక నీళ్లను బాదుతుంటే, "కొట్టకు బిడ్డా. నీళ్లేం తప్పు జేసినయ్? దగ్గరికి తీసుకో" అనేది. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది అక్కడే. అత్త మీద కోడలికి ప్రేమ అంటే నమ్మేవాళ్లు తక్కువ. నమ్మకపోతే పోనీండి.

మా ఆయనకు మాత్రం ఇది మింగుడుపడలేదు. "బస్సుల అందరు అడుగుతున్నరు, మీ అమ్మ నావ నడుపుతదంట గదా అని. నేనేం జెప్పాలె?" అన్నాడు ఒక పొద్దు అన్నం దగ్గర.

"టికెట్ తీసుకొమ్మని చెప్పు," అంది మా అత్త.

*

దసరా దాటాక గాలి మారింది. ఒక జుమేరాత్ తెర అంచు లేచి, గాజుల చెయ్యి ఒకటి కట్ట మీది వాళ్లకు కనబడిందట. ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. తమదేమోనని అన్ని ఇళ్లవాళ్లూ ఉలిక్కిపడ్డారు. గులాం మొహియుద్దీన్ సేఠ్ స్వయంగా మా ఇంటికి వచ్చి, ముందు గదిలో మంచం మీద కూర్చున్నాడు.

"బద్రుద్దీన్ మియా, నీ తెర ఎగురుతున్నదంట."

"గాలి, సేఠ్ సాబ్."

"నీ టాంగాల ఎన్నడన్న ఎగిరిందా? ఎగరలే. గందుకే మా ఇంటోళ్లను పంపిన. నీ మీద ఎతబారుతోని పంపిన."

ఎతబారు, నమ్మకం అన్న మాట ఆయన్ని ఎక్కడ పొడవాలో అక్కడే పొడిచింది. సేఠ్ గడప దాటకముందే తోలు, సూది తీసి కూర్చున్నాడు. తెర కింది అంచుకు కూడా చుట్టూ పట్టీలు కుట్టి, పడవ చెక్కకు బయటివైపు కొక్కేలు దిగ్గొట్టాడు. తెడ్లు కదలడానికి రెండు బొక్కలు, నేను తోవ చూడటానికి ఒక సందు. అంతే.

మా అత్త వచ్చి తెరను వేళ్లతో పట్టి చూసింది. "కింద ఇడిసిపెట్టు, అహ్మద్ బాబా. గాలి పోనీకి తోవ ఉండాలె."

"తెర కట్టుడు నాకు నేర్పుతవా?"

"నువ్వు కట్టింది భూమి మీద. భూమి మీద గాలొస్తే బండి కదలది. నీళ్ల మీద గట్ల కాదు."

"అయితే తెర తీసేస్త. తీసేస్తే ఒక్కతన్న ఎక్కుతదా? ఎవ్వరు ఎక్కకుంటే నువ్వేం నడుపుతవ్?"

ఆయన అన్నదీ నిజమే. తెర ఉంటే ప్రమాదం, లేకపోతే పడవే లేదు. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. నా పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరింది. నడపడం మానేస్తానని మాత్రం అనలేదు. అది ఆమెకు చాతకాదని నాకు అప్పటికే తెలుసు.

తర్వాతి జుమేరాత్ మేం బయలుదేరినప్పుడు ఆకాశం తేటగా ఉంది. జైనాబ్ బేగం, ఆమె కోడళ్లిద్దరు, మా అత్త, నేను. మామయ్య బయట నడుములోతు నీళ్లలో చుట్టూ తిరిగి కొక్కేలు బిగించి, చేత్తో పడవను తోశాడు. నడి చెరువుకు పోయేసరికి ఎండ తగ్గింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి గాలి తెరను పట్టుకుంది. తెర పొంగింది. పడవ మా అత్త లాగినవైపు కాకుండా తనకు ఇష్టమైనవైపు పోవడం మొదలుపెట్టింది.

సందులోంచి చూశాను. ముందర తెల్లగా నురగ. "అమ్మీ! మత్తడి దిక్కు పోతున్నం!"

ఆమె ఒక తెడ్డు వదిలి రెండు చేతులతో ఒక్క తెడ్డే పట్టింది. పడవ తిరగలేదు. ఇంకో విసురుకు ఒక పక్కకు ఒరిగింది. చెక్క మీదుగా నీళ్లు లోపలికి వచ్చి బురఖాల కుప్పను తడిపాయి. కోడళ్లు ఒకరినొకరు పట్టుకుని కలిమా చదువుతున్నారు.

"అఖ్తర్, తెర ఇప్పు!"

సందులోంచి చెయ్యి పెట్టాను. ఒక కొక్కెం అందింది. తడిసిన తోలు బిగుసుకుపోయి కదల్లేదు. మిగిలినవి అందే చోట లేవు. "రావు అమ్మీ, బయటికున్నయ్!" అని ఏడ్చాను. నాకు ఈత రాదు. చచ్చిపోతానని ఖాయంగా అనుకున్నాను.

మా అత్త గాలం తాడు కోసే చిన్న కత్తి తీసింది. జైనాబ్ బేగం అడ్డం వచ్చి తెరను రెండు గుప్పిళ్లతో పట్టుకుంది.

"కొయ్యకు! కట్ట మీద మొగోళ్లున్నరు!"

"మొగోళ్లు ఉంటరు," అంది మా అత్త, రోజూ మాట్లాడే గొంతుతోనే. "ముందుగాల మనం ఉండాలె గదా. చెయ్యి తియ్యి చెల్లే, తెగుతది."

ఆమె చెయ్యి తీసింది. తెర పై నుంచి కిందికి చీలింది, తర్వాత రెండో పక్క. గాలి ఈ వైపు నుంచి వచ్చి ఆ వైపు పోయింది. పడవ నిలబడింది. వెలుతురు వచ్చి మా అందరి మొహాల మీద పడింది. మా అత్త కొంగు జారి, నెరిసిన జుట్టు విడిపోయి, కట్ట మీద ఉన్న ఊరందరి ఎదుట తెడ్లు వేసింది. మత్తడి చప్పుడు పక్కనే వినబడుతోంది. ఆమె దాని వైపు చూడనేలేదు.

కట్ట మీద ఎల్లం గొంతు వినబడింది. "అటు దిరుగుండ్రిరా! తిరుగుండ్రి!" అతని మనుషులంతా చెరువుకు వీపు పెట్టి నిలబడ్డారు. మిగతావాళ్లు తిరగలేదు. కొందరు ఇంకా బాగా కనబడాలని ముందుకు వచ్చారు.

మామయ్య మెడలోతు నీళ్లలోకి పరుగెత్తి వచ్చి పడవను పట్టుకున్నాడు. ఆయన మొహం నెత్తురు లేనట్టు ఉంది. ఏమైంది అంటాడనుకున్నాను, బతికినవా అంటాడనుకున్నాను. తడిసిన బురఖా ఒకటి ఎత్తి మా అత్త చేతిలో పెట్టాడు.

"ముసుగేస్కో," అన్నాడు.

ఆమె ఆయన వైపు కాసేపు చూసింది. తర్వాత వేసుకుంది.

*

మరుసటి రోజు సేఠ్ ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లు ముందు గదిలో, మా అత్తా నేనూ తలుపు వెనక. మా ఆయన తలుపు పక్కన నిలబడ్డాడు.

"మా ఇంటోళ్లు ఊరందరి ముందట నెత్తిమీద బట్ట లేకుంట కూసున్నరు," అన్నాడు సేఠ్. "దీనికి ఏం జెప్తవ్?"

"గాలి, సేఠ్ సాబ్. ఒక్కసారే..."

"గాలి అందరికొస్తది. కత్తి పట్టింది ఎవరు? ఒక్క మాట అడుగుత. ఆ తెర కొయ్యకుంటే కిష్తీ మునుగుతుండెనా? మునిగేటట్టు నువ్వు కట్టినవా?"

మునిగేదని చెబితే, ఊరి ఆడవాళ్లను నమ్మించి చావు మీదికి పంపిన మనిషవుతాడు. బయట కొక్కేలు బిగించింది ఆయనే. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. మామయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఆడమనిషి," అన్నాడు చివరికి. "భయపడి కోసింది."

"గదే నేనన్న," అని సేఠ్ తేలిగ్గా ఊపిరి వదిలాడు. తర్వాత మాటలు చల్లబడ్డాయి. జనానా బంద్. మగవాళ్లను తిప్పుకుంటే అభ్యంతరం లేదు. బద్రుద్దీన్ మంచి మనిషే, తప్పు ఆయనది కాదు. చాయ్ తాగి వెళ్లారు.

ఆ చాయ్ పెట్టింది మా అత్తే. గ్లాసులు సర్దుతూ నాకు మాత్రమే వినబడేలా, "నేను భయపడలే" అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆమె ఏమీ అనలేదు. వండింది, వడ్డించింది, అడిగినదానికి ఊ అంది. నడుము నొప్పి మళ్లీ వచ్చింది. కేకలు వేసి పోట్లాడినా ఆ ఇంట్లో ఊపిరి ఆడేది. ఆమె పోట్లాడలేదు. అన్నం దగ్గర ముగ్గురూ కళ్లు దించుకుని తినేవాళ్లు.

మామయ్య మగవాళ్లను తిప్పడం మొదలుపెట్టాడు. చలికాలం, క్రిస్మస్ దగ్గరపడుతోంది. చర్చికి జనం పెరిగారు. ఒక సాయంత్రం ఆయన పెరట్లో మా అత్త ముందర, కింద, నేల మీద కూర్చున్నాడు. అలా కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు.

"మిషన్ బడి ఎలిశిబా టీచరమ్మ అడిగింది," అన్నాడు. "ఐతారం చర్చి ఆడోళ్లు వస్తరంట. నువ్వు నడిపితేనే ఎక్కుతరంట. వాళ్లకు తెర అక్కర్లేదు. టోపీ గూడ తీసేసిన. నీ ఇష్టమొచ్చినట్టు నడుపు."

ఆమెకు కావలసిందంతా ఆయన తెచ్చి ఒళ్లో పెట్టినట్టే. ఒప్పుకోవాలని నేను లోపల్లోపల మొక్కుకున్నాను. మా అత్త చేతిలో ఉల్లిగడ్డ తరుగుతూనే ఉంది.

"భయపడే మనిషి చేతికి తెడ్డు ఇస్తరా, అహ్మద్ బాబా?" అంది. "మునిగిపోతరు పాపం. వద్దు."

చెరువు మీద అలిగితే నష్టం ఎవరికి అని నాకు కోపం వచ్చింది. ఆమె అలిగింది చెరువు మీద కాదని మామయ్యకు నాకంటే ముందు తెలిసింది. ఆయన లేచి, మోకాళ్ల మట్టి దులుపుకోకుండానే బయటికి పోయాడు.

ఆ శుక్రవారం జుమా నమాజుకు తండ్రీ కొడుకులు కలిసి వెళ్లారు. మేం పెరట్లో మిరపకాయలు తొడిమలు తీస్తున్నాం. మా ఆయన ఒక్కడే పరుగెత్తుకుంటూ వచ్చాడు. నెత్తి మీద టోపీ అలాగే ఉంది.

"అమ్మీ! బాబా మసీదు మెట్ల మీద నిలబడి అందరి ముందట చెప్పిండు!"

"ఏం చెప్పిండు?"

"కొక్కేలు బయటికి పెట్టింది నేను అన్నడు. గాలి పోనీకి తోవ లేకుంట కట్టింది నేను అన్నడు. వద్దని నా భార్య ముందుగాలే చెప్పింది, నేను ఇనలే అన్నడు. ఆమె కొయ్యకుంటే సేఠ్ సాబ్ ఇంటికి శవాలు వస్తుండె అన్నడు. ఆమె భయపడలే, భయపడ్డది నేను అన్నడు." మా ఆయన రొప్పుతున్నాడు. "సేఠ్ సాబ్ మస్తు లేసిండు అమ్మీ. మా ఆడోళ్లను సంపబోయినవా, నువ్వు మనిషివేనా అన్నడు. రేపటి నుంచి నీ కిష్తీ నీళ్లల్ల కనబడొద్దు, నీ మొహం మా గల్లీల కనబడొద్దు అన్నడు. అందరు ఆయన దిక్కే మాట్లాడిండ్రు. కనబడదు సేఠ్ సాబ్ అన్నడు బాబా. కిష్తీ పాయె అమ్మీ. పేరు పాయె. బాబా ఒక్కడే చెరువు దిక్కు పోయిండు, ఒడ్డుకు గుంజనీకి. ఎట్ల బతుకుతం ఇంక?"

మా అత్త మిరపకాయల చేతులు కొంగుకు తుడుచుకుంది. పీట జరిపి కొడుక్కి వేసింది.

"గది తర్వాత చూద్దాం. కూసో. ముందుగాల చెప్పింది ఇంకోసారి చెప్పు."

అతను కూర్చుని మళ్లీ చెప్పాడు, ఈసారి కొంచెం నిదానంగా. ఆమె కళ్లు మూసుకుని వింది.

"ఇంకోసారి."

తల్లి తెడ్డు పట్టిందని బస్సులో తల ఎత్తలేకపోయిన మనిషి మా ఆయన. మూడోసారి "ఆమె భయపడలే" అన్న దగ్గరికి వచ్చేసరికి అతని మాటలు ఏడుపులో కలిసిపోయాయి.

"ఏడ్వకు," అంది మా అత్త. "సాఫ్‌గ చెప్పు. ఇనబడాలె."